దిగే చోటు

ఆదివారం, రాత్రి

రిమ్‌వరల్డ్ అనే కంప్యూటర్ ఆటలో కొత్త కాలనీ. ఆట ఇంకా మొదలే కాలేదు, గ్రహం మ్యాప్ మీదే పొద్దు గూకింది. అయినా ఈ సమయం దండగ కాదు. తప్పు టైల్ (మ్యాప్‌లో మనం ఎంచుకునే ముక్క) మీద దిగితే ఎంత బాగా ఆడినా మొదటి చలికాలం దాటడం కష్టం.

టైల్ నొక్కగానే ముందు చూడాల్సింది పంట కాలం. ఈ ఆటలో ఏడాదికి 60 రోజులు. పంట కాలం 30 రోజులే అయితే మిగతా సగం ఏడాదికి తిండి ముందే పండించి దాచుకోవాలి. ఏడాది పొడవునా పండే చోటైతే ఆ బెంగ లేదు. ఉష్ణమండల అడవిలోనూ అంతే, కానీ అక్కడ మలేరియా లాంటి జబ్బులు ఎక్కువ. డాక్టరు పని తెలిసినవాడు లేకుండా అటు పోకూడదు.

తిండి లెక్క ఇది. క్రాష్‌ల్యాండెడ్ అనే ఆరంభ కథలో దిగేది ముగ్గురు, చేతిలో 50 ప్యాకెట్ భోజనాలు. మనిషికి రోజుకు రెండుకు కాస్త తక్కువే పడుతుంది కాబట్టి 9 రోజులు వస్తాయి. మామూలు నేలలో వరి ఐదున్నర రోజులకు కోతకొస్తుంది. గులకనేల సారం 70 శాతమే, అక్కడ దాదాపు 8 రోజులు. విత్తడం ఒక్కరోజు ఆలస్యమైతే ప్యాకెట్లూ పంటా అంచుకు అంచుగా వస్తాయి. సారవంతమైన నేల 140 శాతం, నాలుగు రోజులు చాలు. ముగ్గురికి 60 వరి మొక్కలు సరిపోతాయి. గులకనేలే గతి అయితే తొలి కోత వరకు వరి, ఆ తర్వాత బంగాళాదుంప. దానికి నేల లోటు అంతగా తగలదు.

ఇక కొండలు. చదును నేలలో దాడి ఏ వైపు నుంచైనా వస్తుంది. అందుకని చాలామంది పర్వతం తొలిచి లోపల కాపురం పెడతారు. మందమైన కొండకప్పు కింద ఫిరంగి గుండు తగలదు, నిజమే. కానీ పురుగుల గూళ్లు పుట్టేది సరిగ్గా అక్కడే, పడకగదుల మధ్యే. ఉష్ణోగ్రత మైనస్ 17 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే తప్ప అవి ఆగవు. అందుకే పెద్ద గుట్టలున్న టైలే నయం: వెనుక కొండ, ముందు పొలం, గోడ కట్టాల్సింది ఒకటి రెండు వైపులే.

రాయి రకం కూడా ముందే కనిపిస్తుంది. గోడలకు గ్రానైట్‌ను మించింది లేదు, పాలరాయి అందానికి. ఒక్కో బండను కోస్తే 20 రాతి ఇటుకలు, గోడలో ఒక్కో గడికి 5, అంటే బండకు నాలుగు గడులు. చెక్క గోడ నిప్పంటుకుంటే ఇల్లంతా పోతుంది.

చివరికి నిలిచిన టైల్: సమశీతోష్ణ అడవి, పెద్ద గుట్టలు, గ్రానైట్, పాలరాయి, ఏడాదంతా పంట, పక్కనే దారి. వసంతంలో దిగడం.