పొరల చెక్క పెన్నుకి 7 మిల్లీమీటర్ల బెజ్జం

రాజమండ్రిలో చేత్తో చేసిన పెన్ను అంటే ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నే. రత్నం పెన్నులు 1932 నుంచీ ఉన్న ఊరు మరి. ఎబొనైట్ మీద చెయ్యి తిరిగినవాళ్లకి కూడా రంగుల పొరల చెక్క మొదట్లో లొంగదు. ఎబొనైట్ ఒకే ముద్ద, భాగాల్ని బిగించే మరలు దాన్లోనే కోసేస్తాం. ఇదేమో రంగు లోపలిదాకా పట్టించిన పల్చటి చెక్క పొరల్ని జిగురుతో అదిమిన దిమ్మ. మర నిలవదు, లోపల ఇత్తడి గొట్టం ఉండాల్సిందే.

సన్న రకం బాల్‌పెన్నుకి గొట్టం 7 మి.మీ. లేత్ మీద తిప్పి చెక్కడం పూర్తయ్యాక చివర మందం సుమారు 8.4 మి.మీ. అంటే గొట్టం మీద మిగిలే చెక్క 0.7 మి.మీ. మాత్రమే. చిక్కంతా అక్కడే.

బెజ్జం వేసేటప్పుడు డ్రిల్ బిట్టు వేడెక్కితే పొరల మధ్య జిగురు మెత్తబడుతుంది. ప్రతి 10 మి.మీ.కీ బయటికి తీసి పొట్టు దులపాలి. బిట్టు అవతలికి పొడుచుకొచ్చే చోట చెక్క పెచ్చులూడుతుంది. అందుకే ముక్కని కావలసినదానికన్నా 10 మి.మీ. పొడుగ్గా ఉంచి, బెజ్జం చివరిదాకా పోనివ్వకుండా ఆపి, ఆ కొసని కోసేయాలి. పెన్ను పై, కింది భాగాలకి దిమ్మని రెండు ముక్కలుగా విడదీసే ముందే పెన్సిల్‌తో గీత పెట్టుకోకపోతే చారలు కలవవు.

గొట్టాన్ని 150 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఒక కొసని బంగాళదుంప ముక్కలో గుచ్చితే జిగురు లోపలికి పోదు. ఎపాక్సీ జిగురు రాసి బెజ్జంలోకి తిప్పుతూ దించి, ఒక రోజు వదిలేయాలి.

ఉలి పదునుగా ఉండాలి, కోత పల్చగా పడాలి. మొద్దు ఉలి పొర అంచుని లేపేస్తుంది. ఆపైన 240, 400, 600 కాగితాలు. ఎరుపు పొడి పక్కనున్న తెల్ల పొరలోకి దిగితే మురికి పట్టినట్టుంటుంది, కాబట్టి ప్రతి నంబరుకీ లేత్ ఆపి, నిలువునా రుద్ది, గాలితో ఊదాలి. తడిపి రుద్దే అలవాటు ఇక్కడ పనికిరాదు, రంగు కారుతుంది.

మెరుపుకి సూపర్ గ్లూ పల్చగా 6 నుంచి 8 పూతలు. కోనసీమ ముసుర్లో గాలి తేమకి పూత తెల్లగా మసకబారుతుంది. ఆ రోజుల్లో త్వరగా ఆరబెట్టే స్ప్రే జోలికి పోవద్దు.

వానాకాలంలో తేమ పీల్చిన దిమ్మతో అప్పటికప్పుడు చేసిన పెన్ను రోహిణి కార్తెకి నిలువునా చీలుతుంది. చెక్క ముడుచుకుంటుంది, ఇత్తడి ముడుచుకోదు. దిమ్మల్ని సిలికా జెల్ సంచులతో మూత డబ్బాలో రెండు వారాలైనా ఉంచి, తరవాతే లేత్‌కెక్కించండి.