బత్తాయి, పెన్సిలు, మూడు తప్పు జవాబులు

గ్రూప్-2 మాక్ టెస్టులో భూచలనాల (భూమి తన చుట్టూ తాను తిరిగే భ్రమణం, సూర్యుడి చుట్టూ తిరిగే పరిభ్రమణం) మీద నాలుగు ప్రశ్నలు వస్తే మూడు తప్పు పెట్టాను. తప్పుకు మూడో వంతు కోత కదా, లెక్క కడితే ఆ పాఠం నుంచి నాకు దక్కింది సున్నా. అప్పటికే ఆ పాఠాన్ని మూడుసార్లు చదివాను. మార్చి 21, జూన్ 21, సెప్టెంబర్ 23, డిసెంబర్ 22 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడిని. తేదీలు వచ్చు, బొమ్మ రాదు.

ఆ రాత్రి శ్రీకాకుళంలోని మా అద్దె గదిలో బత్తాయికి పెన్సిలు గుచ్చి, బల్బు చుట్టూ తిప్పి చూశాను. ఎటు తిరిగినా ఉత్తరార్ధగోళంలో వేసవే! ఇంటర్ చదివే మా తమ్ముడు మంచం మీద నుంచే పట్టేశాడు: “నువ్వు తిరిగిన చోటల్లా పెన్సిలు మొనను బల్బు వైపే వంచుతున్నావు అన్నయ్యా. దాన్ని కిటికీ వైపే ఉంచు.” ఉంచాను. ఒక పక్క పైభాగం బల్బు వైపు వాలింది, ఎదుటి పక్కకు వెళ్లేసరికి దూరంగా వాలింది. అక్షం 23½ డిగ్రీలు వంగి ఉండటంతోనే సరిపోదు, పరిభ్రమణంలో ఏడాదంతా ఒకే దిక్కుకు చూస్తుండాలి. ఈ రెండో మాటను నేను మూడుసార్లూ దాటేశాను. దూరానికీ రుతువులకూ సంబంధం లేదు. జనవరి మొదట్లో సూర్యుడు మనకు సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో, జూలై మొదట్లో 15.2 కోట్ల దూరంలో ఉంటాడు. అంటే మనం దుప్పటి కప్పుకునేది ఆయన దగ్గరగా ఉన్నప్పుడే.

విషువత్తులు, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి 21, సెప్టెంబర్ 23, గుర్తుండకపోతే అరసవల్లి సూర్యదేవాలయాన్ని తలచుకోండి. మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మన జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. ఆ తేదీలే ఎందుకు? ఒకటి మార్చి విషువత్తుకు సుమారు పది రోజుల ముందు, మరొకటి సెప్టెంబర్ విషువత్తు దాటిన సుమారు పది రోజులకు. రెండుసార్లూ సూర్యుడు భూమధ్యరేఖకు కాస్త దక్షిణంగా, దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ఏటా ఆ వార్త చదువుతూ కూడా నాకీ సంగతి తట్టలేదు.

చంద్రకళలకు భూమి నీడే కారణమన్న జవాబును గుర్తించి, ఇంకో మార్కు పోగొట్టుకున్నాను. నీడ పడితే అది గ్రహణం. చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టే ప్రతి పున్నమికీ గ్రహణం రాదు. కళలంటే, వెలుగు పడిన సగంలో మనకు కనిపించే భాగం, అంతే. మా అమ్మ పంచాంగం తీయకుండానే తిథి చెబుతుంది: పొద్దు గుంకే వేళకు చంద్రుడు నడినెత్తిన ఉంటే శుద్ధ అష్టమి. సూర్యుడు పడమట, చంద్రుడు నెత్తిన, మధ్య 90 డిగ్రీలు, అందుకే సగం చంద్రుడు. ఇక చంద్రుడు భూమిని చుట్టడానికి 27.3 రోజులు, అమావాస్య నుంచి అమావాస్యకు 29.5 రోజులు అనే తికమక: చంద్రుడు ఒక చుట్టు పూర్తిచేసేలోపు భూమి కూడా ముందుకు జరిగిపోతుంది, మళ్లీ అమావాస్య రావాలంటే ఆ దూరం అదనంగా నడవాలి.

భూభ్రమణం మీద ఎక్కువ సమయం పెట్టకండి. ఒక్కో రేఖాంశానికి 4 నిమిషాలు, అది చాలు. మన ప్రామాణిక రేఖాంశం 82½ డిగ్రీలు, శ్రీకాకుళం దాదాపు 84. కాబట్టి మన సూర్యుడు గడియారం కంటే సుమారు ఆరు నిమిషాలు ముందుంటాడు.

శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు, కర్కటరేఖకు దక్షిణాన. అందుకే సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు, మే రెండో వారంలో ఒకసారి, జూలై చివర్లో ఒకసారి. మొన్న మేలో అమ్మ డాబా మీద వడియాలు పెడుతుంటే, పక్కనే నీళ్ల సీసా నిలబెట్టి కాపు కాశాను. పన్నెండుకు ఇంకా కొన్ని నిమిషాలుందనగా సీసా నీడ దాని అడుగుకిందికే దూరిపోయింది. “ఆ సీసాను చూసింది చాలు, కాకుల్ని తోలు” అంది అమ్మ.