మెడలో తాడు

రంజాన్‌లో జకాత్ (ఏటా తప్పక ఇవ్వాల్సిన దానం) లెక్క వేసేటప్పుడు మా చిత్తూరింట్లో గొడవ తప్పదు. ఖురాన్ 9:60 ఆయత్ (వాక్యం)లో జకాత్ అందాల్సిన ఎనిమిది వర్గాల్లో ‘రిఖాబ్’ ఒకటి. మాటకు అర్థం మెడలు. అంటే బానిసల విడుదల. పాత పండితులు బానిసత్వానికి నియమాలు పెట్టారే గానీ రద్దు చేయమనలేదు. 1846లో ట్యునీషియా పాలకుడు అహ్మద్ బే దాన్ని రద్దు చేస్తూ మతపరమైన కారణాలు కూడా చూపాడు. అదే గ్రంథం, చదివే కళ్లు వేరు.

మరి ఆ వాటా ఇప్పుడెవరికి? అడ్వాన్సు తీరక ఇటుక బట్టీలో ఇరుక్కున్న ఓ కుటుంబానికిద్దామన్నాను.

“అప్పులోళ్లకి అదే ఆయత్‌లో ‘గారిమీన్’ అని వేరే మాటుంది కదరా” అన్నారు మా అబ్బా, అంటే నాన్న. నిజమే, దొరికిపోయాను.

“పోతామంటే పోనివ్వని అప్పు, మెడలో తాడు కాదా అబ్బా?”

ఇఫ్తార్ ఖర్జూరం గింజ పక్కన పెట్టి, “ఏ పేరుతోనైనా రాసుకో. డబ్బు మాత్రం ఈ రాత్రే ఇచ్చిరా” అన్నారు.