రాయవేలూరులో అమ్మ ఇచ్చిన కిడ్నీ

2016 వేసవిలో నా కాళ్ళకు నీరు దిగి, అన్నం వాసన తగిలితేనే వాంతి అవుతుంటే, మా ఊరికి దగ్గరున్న ఒక ఆస్పత్రిలో రెండు నెలలు గ్యాసుకని మందులిచ్చారు. చివరికి రక్తపరీక్షలో, కిడ్నీలు పాడైతే పెరిగే క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది 11 అని తేలింది. ఆ పరీక్ష మొదటే ఎందుకు చేయలేదన్న బాధ నాకిప్పటికీ పోలేదు.

చిత్తూరు జిల్లా వాళ్ళకు పెద్ద జబ్బు అనగానే తమిళనాడులోని రాయవేలూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రే గుర్తొస్తుంది. అక్కడ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ చేసేవారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనూ కలిపి చేసిన ఎడమచేతి ఫిస్టులాను చెవికి ఆనించుకుంటే జుమ్మని వినిపించేది. ఆ శబ్దం వింటేనే నాకు నిద్ర పట్టేది.

మన దేశంలో కిడ్నీ మార్పిడి మొట్టమొదట విజయవంతమైంది ఈ ఆస్పత్రిలోనేనని, 1971లో డాక్టర్ మోహన్ రావు, డాక్టర్ జానీల బృందం దాన్ని చేసిందని నాకు అక్కడే తెలిసింది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఆపడానికి అప్పట్లో వాళ్ళ చేతిలో ప్రధానంగా ఉన్నవి అజాథయోప్రిన్, స్టెరాయిడ్లు మాత్రమే. సైక్లోస్పోరిన్ 1980లలో గానీ రాలేదు. నేను పూటపూటా మింగే టాక్రోలిమస్ ఇంకా తర్వాతిది. అంత తక్కువ మందులతో ఆనాడు ఆపరేషన్ బల్ల ఎక్కిన రోగుల ధైర్యాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

నాకు కిడ్నీ ఇవ్వడానికి అమ్మ ముందుకొచ్చింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం ఆమె నా తల్లేనని కాగితాలతో రుజువు చేయాల్సి వచ్చింది. ఎవరైనా బలవంతపెట్టారా అని అధికారులు అడిగితే, "వీడే వద్దంటున్నాడు సార్, మీరైనా చెప్పండి" అందట.

అమ్మ ఎడమ కిడ్నీని నా పొత్తికడుపులో కుడివైపున అమర్చారు. పాడైన నా కిడ్నీలను తీయకుండా అలాగే ఉంచారు. మెలకువ వచ్చాక నేను మొదట చూసింది మంచం పక్కన వేలాడుతున్న మూత్రం సంచిని. ఏడాదిగా రోజుకు అరగ్లాసైనా రాని మూత్రం అందులో గంట గంటకూ నిండుతుంటే, నర్సమ్మ కొలిచి రాసుకుంటూ ఉంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

తర్వాత మూడు నెలలు ఆస్పత్రి దగ్గర అద్దెగదిలో ఉన్నాం. రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే పరీక్షకు ఉదయపు మాత్రకు ముందే రక్తం ఇవ్వాలి కాబట్టి, మాత్రను చొక్కా జేబులో పెట్టుకుని వరుసలో నిలబడి, సూది తీయగానే వేసుకునేవాణ్ణి.

ఇప్పుడు నా క్రియాటినిన్ 1.2. ఏడాదికొకసారి అమ్మకూ పరీక్షలు చేయిస్తాను. తన రిపోర్టు చేతికిచ్చినా చూడకుండా, నాది ఏదని అడుగుతుంది.