ప్రాసిక్యూషన్ వైపు ఎవరున్నారు?

పొద్దున నేను వెళ్లేసరికే కబురు మా లా కాలేజీ స్టాఫ్‌రూమ్‌కి చేరిపోయింది. "ఏమ్మా, ఎవిడెన్స్ క్లాసులో సినిమా వేస్తున్నావట?" అన్నారు మా క్రిమినల్ లా మాస్టారు. వెటకారం దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, పైగా నాకు పాఠం చెప్పిన గురువు. ఆయనకి ఆ చనువుంది.

వేసింది 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్'. సిడ్నీ లూమెట్ 1957లో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. తండ్రిని కత్తితో పొడిచి చంపాడన్న కేసులో ఓ కుర్రాడు దోషా కాదా అని పన్నెండు మంది జ్యూరీ సభ్యులు, అంటే కోర్టు ఎంచుకున్న మామూలు పౌరులు, తేల్చాలి. మొదటి ఓటుకి పదకొండు మంది దోషి అనేస్తారు. హెన్రీ ఫోండా అనే నటుడు వేసిన సభ్యుడొక్కడు మాత్రం, కాసేపు మాట్లాడుకుందాం అంటాడు. ఇక దాదాపు సినిమా అంతా ఆ గదే, ఆ మాటలే. రెండు పీరియడ్లు కలిపి తీసుకున్నాను. ప్రొజెక్టర్ స్పీకర్ గురగురలాడుతోంది గానీ సబ్‌టైటిల్స్ ఉండబట్టి గండం గడిచింది.

కళ్లద్దాల సీన్ దగ్గర మాత్రం వెనక బెంచీలు కూడా ఫోన్లు పక్కన పెట్టాయి. హత్యని కళ్లారా చూశానన్న ఒక ఆడ సాక్షి ముక్కుకి రెండు వైపులా నొక్కులున్నాయని ఒక ముసలాయనకి గుర్తొస్తుంది. అవి కళ్లద్దాల వల్ల పడేవి. నిద్రపట్టక మంచం మీద దొర్లుతున్న మనిషి కళ్లద్దాలు పెట్టుకుని ఉంటుందా? అక్కడిదాకా బెసక్కుండా కూర్చున్న నాలుగో సభ్యుడికీ కళ్లద్దాలున్నాయి. అవి పెట్టుకుని పడుకుంటారా అని అడిగితే, ఎవరూ పడుకోరని తనే ఒప్పుకుంటాడు.

సినిమా అయ్యాక ముందు బెంచీలో ఒకమ్మాయి లేచింది. "మేడమ్, ఫోండా అలాంటి కత్తే బయట కొనుక్కొచ్చి టేబుల్‌కి గుచ్చాడు కదా. కోర్టు ముందుకి రాని వస్తువుని జ్యూరీ ఎలా లెక్కలోకి తీసుకుంటుంది?" దీనికోసమే సినిమా వేశాను. సాక్ష్యాన్ని పరీక్షించాల్సింది కోర్టులో, ఎదుటి లాయరుకి క్రాస్ చేసే, అంటే ఎదురు ప్రశ్నలు వేసే, అవకాశమిచ్చి. తలుపేసుకున్న గదిలో ఒకరు జేబులోంచి తీసి చూపించేది సాక్ష్యం కాదు. అంటే మనం చప్పట్లు కొట్టిన హీరో నిబంధన తప్పాడు. క్లాసంతా గోల. సగం మంది ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డారు, తమ ఇంటి మనిషినెవరో అన్నట్టు.

లంచ్‌లో ఈ సంగతి చెప్తే మాస్టారు పెరుగన్నం కలుపుతూనే మొదలుపెట్టారు. "సరే, ఆ పిల్ల పట్టుకుంది. మిగతావాళ్లు? దోషి అనేవాళ్లని ఎలా చూపించాడో చూడు. ఒకడికి బేస్‌బాల్ మ్యాచ్‌కి టైమైపోతోంది. ఒకడికి మురికివాడ జనమంటేనే గిట్టదు. ఇంకొకడు కొడుకు మీద కోపం ఈ కుర్రాడి మీద తీర్చుకుంటున్నాడు. అనుమానించేవాడేమో తెల్ల సూటేసుకున్న ఫోండా! ఇక పిల్లలు ఎటు మొగ్గుతారమ్మా? ఇది పాఠం కాదు, డిఫెన్స్ వాదన. ప్రాసిక్యూషన్ వైపు ఎవరున్నారు?"

నాలుగో సభ్యుడున్నాడు కదా సార్ అన్నాను. ద్వేషం లేదు, తొందర లేదు, కారణాలు చెప్పి మరీ దోషి అంటాడు. "ఒక్కడు," అన్నారాయన, ఆవకాయ ముక్క పక్కకి తోస్తూ.

ఆ తర్వాత అసలు అస్త్రం తీశారు. మన దేశంలో జ్యూరీయే లేదు కదా అని. 1959లో నానావతి కేసులో, అంటే భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి కేసులో, బొంబాయి సెషన్స్ కోర్టు జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా హత్యానేరం లేదంది. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపారు. హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. జ్యూరీ ఆ కేసుతోనే పోయిందని అందరూ అంటారు గానీ, ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల ఉంది. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మాత్రం దానికి చోటు లేకుండా పోయింది. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత 1986లో బాసు చటర్జీ ఇదే కథని 'ఏక్ రుకా హువా ఫైస్లా'గా హిందీలో తీశారు, అదే జ్యూరీతో.

మాస్టారి మాటలో నిజం లేకపోలేదు. సినిమా మొగ్గు చూపిస్తుంది. కానీ పుస్తకంలో 'సందేహానికి తావు లేని రుజువు' అని బట్టీ పట్టినవాడికి, తన నమ్మకం పది నిమిషాల్లో ఎలా జారిపోతుందో తెలియదు. ఇవాళ వాళ్లకి అది జరిగింది. ఎవరు జార్చారు, న్యాయంగానే జార్చారా అని మర్నాడు నిలదీయడం టీచర్ పని. సినిమా వేసేసి అటెండెన్స్ తీసుకుని వెళ్లిపోయేటట్టయితే వేయకపోవడమే నయం. ఆ మాట ఆయనకీ చెప్పాను.

సాయంత్రానికి బేరం కుదిరింది. పిల్లలంతా ప్రాసిక్యూటర్ తరఫున తుది వాదన రాయాలి, కుర్రాడే చంపాడని. దిద్దేది మాస్టారు. మరుసటి పీరియడ్‌లో నానావతి తీర్పు కూడా ఆయనే చెప్తారు. దాని మీద వచ్చిన సినిమాలు మాత్రం వేయనని నాతో ఒట్టు వేయించుకున్నారు.