పికప్ తొక్కితే అందుకోవట్లేదా? టర్బో విప్పేముందు వైరింగ్ చూడండి

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ లాంటి పికప్‌ల మీద లైట్ బార్, ఆంప్లిఫయర్, లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, వీటన్నిటికీ తోడు ఒక పెడల్ కంట్రోలర్ (యాక్సిలరేటర్ పెడల్ సిగ్నల్‌ని మార్చే చిన్న పెట్టె) ఎక్కిస్తారు. కొన్నాళ్లకు ఒకటే మాట: "తొక్కితే వెంటనే లాగట్లేదు, ఒక్కోసారి ఆగి లాగుతోంది." అందరి చూపూ ఇంజెక్టర్ల మీదికీ టర్బో మీదికీ పోతుంది. ఎప్పుడూ ఉండే బద్ధకం వేరు, ఉండి ఉండి వచ్చే తడబాటు వేరు. ఈ రెండోదైతే ముందు వైర్లనే అనుమానించాలి.

ఈ బళ్లలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజన్‌కి కేబుల్ ఉండదు. పెడల్ మొదట్లో రెండు సెన్సర్లు ఉంటాయి. చాలా బళ్లలో వాటికి ఆరు వైర్లు: రెండు 5 వోల్టుల సప్లయి, రెండు ఎర్త్, రెండు సిగ్నల్. బండిని బట్టి అంకెలు మారతాయి గానీ, మొదటి సిగ్నల్ పెడల్ వదిలినప్పుడు 0.7 వోల్టుల దగ్గర మొదలై, పూర్తిగా తొక్కితే 4 దరిదాపుల్లోకి వెళ్తుంది. రెండోది చాలావాటిలో సరిగ్గా దానిలో సగం. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, రెండింటినీ ఎప్పటికప్పుడు సరిచూసుకుంటుంది. పొంతన కుదరకపోతే పి2138 అనే లోపం కోడ్ పెట్టి ఇంజన్ని లింప్ మోడ్‌లోకి, అంటే బలం తగ్గించి నడిపే స్థితిలోకి, దించేస్తుంది. అంత సున్నితమైన లెక్కలో కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) పిన్నుకు పట్టిన కాస్త చిలుము చాలు, తేడా రావడానికి.

పెడల్ కంట్రోలర్ కూర్చునేది సరిగ్గా ఇక్కడే. మీరు 30 శాతం తొక్కితే 50 శాతం తొక్కారని ఈసీయూకి చెప్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. ఇంజన్ బలం పెరగదు, టర్బో లాగ్ (తొక్కాక టర్బో అందుకోవడానికి పట్టే ఆలస్యం) తగ్గదు. పైగా బండిలో అన్నిటికంటే సున్నితమైన సర్క్యూట్లో అదనంగా రెండు కప్లర్లు చేరతాయి. లోడు మోసే బండికీ, బురదలో నెమ్మదిగా కదలాల్సిన బండికీ ఇది పెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. పాదం కాస్త ఆనితే ఎగిరిపడే పెడల్‌తో చక్రం జారకుండా నడపడం కష్టం.

అందుకే పరీక్ష మొదలుపెట్టేముందు కంట్రోలర్ తీసేసి, కంపెనీ కప్లర్‌ని నేరుగా పెడల్‌కి కలపండి. బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్‌కి పంపే ఓబీడీ అడాప్టర్ తగిలించి, ఫోన్ యాప్‌లో పెడల్ పొజిషన్ డి, ఇ (ఆ రెండు సెన్సర్ల అంకెలు) రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి, పెడల్‌ని మెల్లగా, లోపల అయిదు లెక్కపెట్టుకుంటూ కిందిదాకా నొక్కండి. రెండు అంకెలూ కలిసి పెరగాలి. ఎక్కడైనా ఒక్కసారి గబుక్కున పడి లేచిందంటే లోపం పెడల్ సెన్సర్లోనో దాని వైర్లోనో ఉంది. తర్వాత పెడల్ వదిలేసి, ఒకరు ఫోన్ చూస్తుండగా మరొకరు పెడల్ నుంచి ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) దాకా వైరింగ్‌ని జానెడు జానెడు పట్టి కదపాలి. అంకె ఎక్కడ వణికితే అక్కడ టేపు విప్పండి.

తర్వాత చూడాల్సింది ఎర్త్. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ, హెడ్‌లైట్లు, లైట్ బార్, ఆంప్ అన్నీ వేయండి. మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద ఆనించండి. ఆ తర్వాత అలాగే క్యాబిన్ బాడీ మీద, చాసిస్ మీద చూడండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. 0.2 దాటిందంటే ఎర్త్ స్ట్రాప్ లగ్గు కింద పెయింటో తుప్పో ఉంది. బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయండి. ఈసీయూ ఎర్త్ బోల్టు మీదే ఆంప్లిఫయర్ ఎర్త్ బిగించి ఉంటే వెంటనే వేరు చేయండి. ఆంప్ లాగే కరెంటు ఆ ఎర్త్ దగ్గర వోల్టేజీని పైకి లేపుతుంది, ఆ ప్రభావం సెన్సర్ లెక్కల మీద పడుతుంది.

పికప్‌లో వైర్లు అరగడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. క్యాబిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, చాసిస్ వేరుగా మెలిదిరుగుతుంది. ఒకదాన్నుంచి మరోదానికి దాటే వైరింగ్ ప్రతి గుంతలోనూ రాసుకుంటుంది. టార్చి వేసి చూస్తే ముందు నల్ల స్లీవ్ మీద నున్నటి మెరుపు కనబడుతుంది. ఆ తర్వాత స్లీవ్ చీలుతుంది. ఇన్సులేషన్ పోయి రాగి బయటపడ్డాక వానాకాలం తగిలితే పచ్చటి చిలుము వైరు లోపలికి పాకుతుంది. బయటికి బాగున్న చోట కూడా లోపల తీగ నల్లబడి ఉంటుంది కాబట్టి రాగి మెరిసేదాకా వెనక్కి కోయాలి. అదనపు వైరు కోసం ఫైర్‌వాల్‌కి రంధ్రం చేసి రబ్బరు గ్రోమెట్ వేయకుండా వదిలేసిన చోటు, టర్బో పైపు పక్కన, బాడీ కింద టెయిల్ ల్యాంప్ వైరింగ్ చాసిస్ అంచు మీదుగా వెళ్లే చోటు తప్పకుండా చూడండి. లిఫ్ట్ కిట్ వేసిన బండైతే జాకీ పెట్టి చక్రాన్ని పూర్తిగా వేలాడదీయండి. ఏబీఎస్ సెన్సర్ వైరు అప్పుడు కూడా కాస్త వదులుగా ఉండాలి. ఆ సిగ్నల్ తెగితే స్టెబిలిటీ కంట్రోల్ కూడా దెబ్బతింటుంది.

లైట్ బార్ వైరింగ్‌లో జరిగే తప్పు వైరు సైజు. 180 వాట్లు 12 వోల్టుల మీద 15 ఆంపులు. 1 చదరపు మి.మీ. వైరు నాలుగు మీటర్లు లాగితే ఆ ఒక్క వైరులోనే దాదాపు 1 వోల్టు పోతుంది, వైరు వేడెక్కుతుంది. 4 చదరపు మి.మీ. వేస్తే పావు వోల్టే. ఫ్యూజు 20 ఆంపులది, బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. రిలేలో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) 30 నంబరు పిన్నుకి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87కి లైట్, 85 ఎర్త్, 86 స్విచ్. ఫ్యూజు పోతోందని 30 ఆంపులది పెట్టకండి, అప్పుడు ఫ్యూజుకి బదులు వైరే కాలుతుంది. ఇంజన్ వైరింగ్‌ని గీరి జాయింట్ కొట్టి స్విచ్‌కి కరెంటు తీయడం మరీ ప్రమాదం. ఫ్యూజు బాక్సులో పవర్ సాకెట్ ఫ్యూజు దగ్గర ఫ్యూజు ట్యాప్ (ఫ్యూజు చోటు నుంచి అదనపు వైరు తీసే అడాప్టర్) పెట్టుకోండి.

రిపేరు చేసేటప్పుడు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడం పనికిరాదు. రెంటచింతల, రామగుండం ఎండకి ఇంజన్ వేడి తోడైతే ఆ టేపు జిగురు కరిగి ఊడివస్తుంది. సరైన క్రింపింగ్ ప్లయర్‌తో బట్ కనెక్టర్ (రెండు వైర్ల కొసలను కలిపే లోహపు గొట్టం) నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. పక్కపక్క వైర్ల జాయింట్లు మూడు, నాలుగు సెంటీమీటర్ల ఎడంగా ఉండాలి. ఊగే చోట సోల్డరింగ్ వద్దు. సీసం పాకిన మేర తీగ గట్టిపడి, సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. చివర్లో గుడ్డ టేపు చుట్టి, ముడతల స్లీవ్ తొడిగి, జానెడుకొక టై వేయండి. పెడల్ వైర్లలో మాత్రం జాయింటే వద్దు, కప్లర్‌తో సహా మార్చండి.

ఇవన్నీ సరిగ్గా ఉండీ బద్ధకం పోకపోతే అప్పుడు ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పులు, నూనె పూసిన కాటన్ ఎయిర్ ఫిల్టర్ వల్ల జిడ్డు పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ చూడండి. టైర్ల లెక్క కూడా వేసుకోండి. 255/65 ఆర్17 తీసి 265/70 ఆర్17 వేస్తే వ్యాసం 763 మి.మీ. నుంచి 803కి పెరుగుతుంది. అంటే ప్రతి గేరూ 5 శాతం పొడుగైనట్టే. ఆ లోటు ఏ పెడల్ కంట్రోలర్‌తోనూ తీరదు, గేరు ఒకటి తగ్గించి లాగించాల్సిందే.