దేశదేశాల గులాబీ లెక్కలు, తిరుపతి మిద్దె: రెండో ఏడాది నమోదు

జనవరి రెండో వారానికి మిద్దె మీద పద్నాలుగు గులాబీ కుండీలు ఉన్నాయి. ఈ నెల 3వ తేదీన కత్తిరింపులు ముగించాను. పదో రోజుకు తొమ్మిది మొక్కల కన్నులు ఎర్రగా ఉబ్బి చిగురు తొడిగాయి. నిరుడు ఇదే సమయానికి పద్దెనిమిది మొక్కల్లో నాలుగు పూర్తిగా ఎండిపోగా, మిగిలినవాటిలో సగం మొండి కొమ్మలతో నిలిచి ఉన్నాయి. మట్టి అదే, ఎరువు అదే, నీళ్లు కూడా ఎక్కువగా అదే బోరువి. ముఖ్యంగా మారింది కత్తిరింపు తేదీ. ఆ తేదీని నాకు నేర్పినది ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ దగ్గర గులాబీలు పెంచే ఒక పెద్దాయన.

మన దేశంలో గులాబీ సాగు గురించి దొరికే సూచనలలో ఎక్కువ భాగం ఉత్తరాది వాతావరణానికి రాసినవి. అక్కడ నైరుతి వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరులో కత్తిరిస్తే చలికాలమంతా పూలు చూడవచ్చు. మొదటి ఏడాది నేను అదే పాటించాను. కానీ తిరుపతికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా వస్తుంది. పచ్చి గాయాలతో ఉన్న కొమ్మల మీద రోజుల తరబడి ముసురు పట్టడంతో, కోసిన చోట మొదలైన నలుపు రోజురోజుకూ కిందికి దిగింది. కొమ్మ ఎండు తెగులుకు అంతకంటె అనుకూలమైన పరిస్థితిని నేనే చేతులారా కల్పించినట్లయింది.

ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య 1968లో లండన్‌లో ఏర్పడినప్పుడు అందులో చేరిన ఎనిమిది దేశాలలో బ్రిటన్, బెల్జియం, రుమేనియా వంటి చలి దేశాలతో పాటు ఆస్ట్రేలియా, ఇజ్రాయెల్, దక్షిణాఫ్రికా కూడా ఉన్నాయి. ఎండలో గులాబీ పెంచేవారికి మొదటి రోజు నుంచే అక్కడ చోటు ఉండడం నాకు చాలా విలువైన సంగతిగా కనిపిస్తుంది. మూడేళ్లకోసారి జరిగే ప్రపంచ సమ్మేళనాలకు నాబోటి వాళ్లు వెళ్లలేరు కానీ, 2014లో ఆ సమాఖ్య ప్రాంతీయ సమ్మేళనం మన హైదరాబాదులోనే జరిగింది. అటువంటి సభలకు వెళ్లి వచ్చిన మిత్రుల ద్వారానే నాకు బ్రిస్బేన్ పెద్దాయనతోను, ఇజ్రాయెల్ తీరప్రాంతంలో ఉండే ఒకావిడతోను పరిచయం కలిగింది. ముగ్గురం నెలకొకసారి వాన, ఎండ, పూల సంఖ్య, తెగులు అనే నాలుగు వివరాలు రాసి పంపుకుంటున్నాం.

బ్రిస్బేన్‌లో వాన ఎండాకాలంలోనే పడుతుంది. అక్కడివారు గట్టి కత్తిరింపును పొడిగా ఉండే జూలై, ఆగస్టు నెలలకు ఉంచుకొని, వానలప్పుడు వాడిన పూలు మాత్రం తీసి, ఆకును వీలైనంత నిలుపుతారు. చలిని కాక వాన పోయే రోజును చూసి కత్తెర పట్టాలన్నది ఆయన సలహా. దాని ప్రకారం ఈసారి అక్టోబరులో వాడిన పూలను రెండు ఆకుల కిందికి తుంచి వదిలేశాను. డిసెంబరు చివర వాన పూర్తిగా తెరపి ఇచ్చాక, నాలుగు రోజులు ఎండ కాయనిచ్చి కత్తిరించాను. కొమ్మకొమ్మకూ కత్తెరను స్పిరిట్‌తో తుడిచాను. బయటివైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోసి, నాలుగైదు బలమైన కొమ్మలను అడుగున్నర ఎత్తున ఉంచి, కోసిన చోట్ల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్ద పూశాను. ఇందులో ఒక నష్టం లేకపోలేదు. కత్తిరించిన నలభై అయిదు, యాభై రోజులకు, అంటే ఫిబ్రవరి మూడో వారానికి పూలు వస్తాయి. ఏప్రిల్‌లో ఎండ ముదిరేలోగా ఒకటిన్నర కాపు మాత్రమే దక్కుతుంది. మొక్క బతికి ఉండడమే ముఖ్యమని నేను ఈ నష్టాన్ని ఒప్పుకున్నాను.

లెక్కలు పోల్చుకోవాలంటే ముందు పేర్లు కలవాలి. ఇక్కడి నర్సరీలలో చీటీ మీద ‘తెల్ల గులాబీ’ అనో ‘బెంగళూరు గులాబీ’ అనో తప్ప వేరే పేరు ఉండదు. నా దగ్గరి తెల్ల గుత్తి గులాబీ ఐస్‌బర్గ్ అని తేల్చుకోవడానికి ఆకు, ముల్లు, మొగ్గ ఫొటోలు పంపి రెండు నెలలు ఆగవలసి వచ్చింది. జర్మనీకి చెందిన కోర్డెస్ సంస్థ 1958లో విడుదల చేసిన ఆ రకానికి జర్మన్‌లో ఒక పేరు, ఫ్రెంచిలో మరో పేరు ఉన్నాయి. ‘కోర్‌బిన్’ అనే సంకేతనామం మాత్రం అన్నిచోట్లా ఒక్కటే. ఆంగ్లంలో రాసినప్పుడు అందులోని మొదటి మూడు అక్షరాలు (KOR) సృష్టికర్త సంస్థను తెలుపుతాయి. ఈ నామ నమోదు బాధ్యతను 1955 నుంచి అమెరికన్ రోజ్ సొసైటీ ప్రపంచమంతటి తరఫున నిర్వహిస్తోంది. ‘పీస్’ అనే గులాబీ కూడా ఇటువంటిదే: ఫ్రాన్సులో మదాం మెయాన్, జర్మనీలో గ్లోరియా దేయి, ఇటలీలో జోయా. సమాఖ్య 1976లో విశిష్ట గులాబీల వరుసలో మొదట నిలిపిన ఆ రకం నా మిద్దె మీద జనవరి, ఫిబ్రవరిలలో తప్ప సంతోషంగా ఉండదు. ఎండకు రేకుల అంచులు మాడిపోతాయి.

ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఉత్తరాలలో నాకు ఎక్కువగా ఉపయోగపడినది వేరుమొక్క, అంటే అంటు కట్టడానికి కింద వాడే మొక్క విషయం. మా బోరు నీళ్లు ఉప్పదనం, సున్నం కలిసినవి. మల్టీఫ్లోరా అనే గులాబీ జాతి వేరు మీద కట్టిన మూడు అంటుమొక్కలకు ఈనెలు పచ్చగా ఉండి, ఆకు మాత్రం పసుపు బారింది. సున్నపు నేలలో మల్టీఫ్లోరా ఇనుమును సరిగా తీసుకోలేదని, తమ వైపు ఇండికా అనే మరో గులాబీ వేరు వాడతారని ఆవిడ రాశారు. అప్పటి మట్టుకు, మొక్క తేలిగ్గా తీసుకోగల చీలేటెడ్ ఐరన్‌ను లీటరు నీటికి అర గ్రాము కలిపి పది రోజులకోసారి మూడుసార్లు పిచికారీ చేసి, కుండీలకు వాననీరు పట్టి పోయగా ఆకు కోలుకుంది. శాశ్వత పరిష్కారం కోసం జూలైలో వేరుమొక్కగా వాడే ఎడ్వర్డ్ గులాబీ కొమ్మలు పాతాను. అవి పెన్సిల్ మందం వచ్చాక, నవంబరు చివర వాన తెరపి చూసి, కప్పు కింద ఐస్‌బర్గ్ కన్నులు పన్నెండు కట్టాను. మూడు వారాల తర్వాత పాలిథిన్ కట్టు విప్పి చూస్తే ఏడు పచ్చగా ఉన్నాయి. పోయిన అయిదింటిలో నాలుగు నేను తొందరపడి, బెరడు సరిగా లేవకముందే కోసినవి.

బ్రిస్బేన్ పెద్దాయన మంచి మనసుతో కొన్ని కొమ్మలు పోస్టులో పంపుతానన్నారు. నేను వద్దన్నాను. దిగుమతి అనుమతి, ఎగుమతి దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా గులాబీ కొమ్మలు రప్పించడాన్ని 2003 నాటి మన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఒప్పుకోదు. ఆ నియమం సరైనదే. కంటికి కనిపించని నల్లుల ద్వారా పాకే రోజ్ రోజెట్ వైరస్ అమెరికా తోటలకు చేసిన హాని గురించి తెలిసినవారెవరూ ఆ పని చేయరు.

ఎండకూ ముంపుకూ ఆగే గులాబీ కోసం మనం బయటి దేశాలవైపే చూడనక్కరలేదు కూడా. మణిపూర్ కొండల అడవి గులాబీ జైగాంటియాతోను, బెంగాల్ నదీతీరాలలో నీట మునిగినా బతికే అడవి గులాబీ క్లైనోఫిల్లాతోను కొడైకెనాల్‌లో ఎం.ఎస్. వీరరాఘవన్ దంపతులు కొత్త రకాలను సృష్టించారు. ఆయన ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసినవారు. అదే జైగాంటియాతో ఆస్ట్రేలియాలో అలిస్టర్ క్లార్క్ 1924లోనే ‘లొరెయిన్ లీ’ని తెచ్చారు, అది బ్రిస్బేన్ పెద్దాయన కంచె మీద నేటికీ పూస్తోంది. నవంబరు ముసురులో నీరు నిలిచే మా కుండీలకు క్లైనోఫిల్లా సంతతి సరిపోతుందని నా నమ్మకం. అటువంటి మొక్క ఒకటి సంపాదించడమే ఈ ఏడాది మొదటి పని.

అంతవరకు కుండీల సంగతి. కొత్త అంట్లకు పద్నాలుగు అంగుళాల మట్టి కుండీలు తెచ్చి, ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక, కొబ్బరి పొట్టు చెరి అర పాలు, కుండీకి వంద గ్రాముల వేపపిండి కలిపి సిద్ధం చేశాను. మార్చి నెలాఖరుకు పడమటి వైపు సగం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టాలి. నిరుడు అది ఆలస్యమై ఎర్రనల్లి ఆరు మొక్కల ఆకంతా రాల్చింది. ఫిబ్రవరి 20న ఐస్‌బర్గ్ పూలు లెక్కపెట్టి, మల్టీఫ్లోరా వేరు మీదివీ ఎడ్వర్డ్ వేరు మీదివీ వేరువేరుగా రాసి ఇద్దరికీ పంపుతాను.